స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ పెట్టుకోవాలా, వద్దా? పెట్టుకుంటే ఎలా?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే గుంటూరులో మాడ్‌ల గురించి, అంటే గేమ్‌ను మార్చుకోవడానికి అభిమానులు తయారుచేసే అదనపు ఫైళ్ల గురించి, అడిగే పిల్లలు ఎక్కువవుతారు. వాళ్ల ప్రశ్న ఎక్కువగా ఒకటే: "అన్నా, ఈ మాడ్‌కు ఎస్‌కేఎస్‌ఈ ఉండాలట. పెట్టుకోవచ్చా? కంప్యూటర్ పాడవదు కదా?"

ఎస్‌కేఎస్‌ఈ అంటే స్కైరిమ్ గేమ్‌కు ఉన్న స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్, కొన్ని మాడ్‌లు నడవడానికి కావలసిన ప్రోగ్రాము. మీరు కంప్యూటర్‌లో ఒంటరిగా ఆడే గేమ్ అయితే, మీకు నిజంగా కావలసిన మాడ్ దాన్ని అడుగుతుంటే, పెట్టుకోండి. ఒక్క షరతు. పెట్టిన రోజు నుంచి గేమ్ ఎప్పుడు అప్‌డేట్ కావాలో నిర్ణయించేది మీరే అయి ఉండాలి. కొత్త వెర్షన్ వచ్చిన వెంటనే అందుకోవాలనుకునే వాళ్లకు, ఈ జాగ్రత్త తీసుకునే ఓపిక లేని వాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను.

ఇక్కడ ఉదాహరణగా స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌నే తీసుకుంటాను. ఎక్కువ మంది మొదట చేయి పెట్టేది అందులోనే. మిగతా గేమ్‌ల గురించి చివర్లో కొంత చెబుతాను.

అది చేసే పని

స్కైరిమ్ 2011 నవంబరు 11న వచ్చింది. అందులో పాత్రలు, తలుపులు, మంత్రాలు ఎలా నడుచుకోవాలో చెప్పే స్క్రిప్టులను పాపిరస్ అనే భాషలో రాస్తారు. తయారుచేసిన బెథెస్డా సంస్థ ఆ భాషలో తన అవసరానికి సరిపడా ఆదేశాలు పెట్టుకుంది. మాడ్ రాసేవాళ్లకు అవి చాలలేదు. ఆటగాడు ఏ మీట నొక్కాడో స్క్రిప్టుకు తెలియాలన్నా, సామాన్ల జాబితాను కొత్త పద్ధతిలో చూపించాలన్నా దారి ఉండేది కాదు. ఆ లోటు తీర్చడానికి అభిమానులు తయారుచేసి ఉచితంగా ఇస్తున్నదే స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్, పొట్టిగా ఎస్‌కేఎస్‌ఈ. అంతకుముందు అదే సంస్థ తీసిన గేమ్‌లు, 2002 నాటి మోరోవిండ్‌కు, 2006 నాటి ఆబ్లివియన్‌కు కూడా ఇలాంటివి ఉన్నాయి. ఫాల్అవుట్ 4కు ఎఫ్4ఎస్‌ఈ ఉంది.

దానంతట అది గేమ్‌లో కంటికి కనిపించే మార్పు ఏదీ చేయదు. దాని లోడర్ గేమ్‌ను మొదలుపెట్టి, మెమరీలో నడుస్తున్న గేమ్‌కు తన డీఎల్ఎల్ ఫైలును (ఇంకో ప్రోగ్రాములో కలిసి నడిచే కోడ్ ఫైలును) తగిలిస్తుంది. డిస్కు మీద ఉన్న అసలు గేమ్ ఫైలును ముట్టుకోదు. కాబట్టి ఎప్పుడైనా లోడర్ పక్కనపెట్టి, గేమ్‌లు అమ్మే స్టీమ్ నుంచి మామూలుగా తెరిస్తే ఎక్స్‌టెండర్ లేని గేమే వస్తుంది. "కంప్యూటర్ పాడవదు కదా" అని అడిగేవాళ్లకు ఈ ఒక్క విషయం తెలిస్తే సగం భయం పోతుంది.

ఇబ్బందంతా వెర్షన్‌తోనే. గుంటూరు వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రాత్రికి రాత్రి లైన్లకూ అడ్డరోడ్లకూ నంబర్లు మార్చేస్తే, పాత చిరునామాతో వచ్చినవాడు వేరే వాళ్ల తలుపు తడతాడు. గేమ్‌లో ఏ పని మెమరీలో ఎక్కడ జరుగుతుందో ఎక్స్‌టెండర్‌కు తెలిసేది కూడా అలాంటి చిరునామాలతోనే. గేమ్ కొత్త వెర్షన్ వస్తే ఆ చిరునామాలు కదిలిపోతాయి. 2021 నవంబరు 11న ఆనివర్సరీ ఎడిషన్‌తో పాటు 1.6 వెర్షన్ వచ్చినప్పుడు గేమ్‌ను కొత్త కంపైలర్‌తో (రాసిన కోడ్‌ను గేమ్ ఫైలుగా మార్చే ప్రోగ్రాముతో) తయారుచేశారు. దాంతో దాదాపు అన్నీ చెదిరిపోయి, అప్పటివరకు ఉన్న ప్లగిన్లను, అంటే ఎక్స్‌టెండర్ ద్వారా గేమ్‌కు తగిలే మాడ్ ఫైళ్లను, వాటి రచయితలు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. అంతకుముందు వెర్షన్ 1.5.97 దగ్గరే ఇప్పటికీ ఆగిపోయి ఆడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లది చాదస్తం కాదు, వాళ్ల మాడ్‌లన్నీ అక్కడ కుదురుగా నడుస్తున్నాయి.

ముందు అవసరం తేల్చుకోండి

మీకు నచ్చిన మాడ్‌ల జాబితా ఒక కాగితం మీద రాయండి. ఒక్కో మాడ్ పేజీలో 'రిక్వైర్‌మెంట్స్' అన్న భాగం ఉంటుంది. అక్కడ ఎస్‌కేఎస్‌ఈ పేరు ఉందో లేదో చూడండి. రాళ్లు, చెట్లు, కవచాలు అందంగా కనిపించేలా చేసే బొమ్మల మాడ్‌లకు సాధారణంగా అది అక్కర్లేదు. సామాన్ల జాబితాను చక్కదిద్దే స్కైయూఐకి, పాత్ర ముఖం, రూపం మార్చే రేస్‌మెనూకు, గేమ్‌లోని పాత లోపాలను సరిచేసే ఇంజిన్ ఫిక్సెస్‌కు తప్పనిసరి. మీ జాబితాలో ఒక్కటి కూడా అడగకపోతే ఎక్స్‌టెండర్ జోలికి పోకండి. ఎప్పుడో పనికొస్తుందని ముందే పెట్టుకోవడంలో లాభం లేదు.

గేమ్ ఇప్పుడే మొదటిసారి ఆడుతున్నారా? అయితే కొన్ని రోజులు మాడ్‌లు లేకుండా ఆడండి. గేమ్‌లో మీకు నిజంగా ఏది చిరాకు తెప్పిస్తోందో అప్పుడు తెలుస్తుంది. ఆ చిరాకు తీర్చే మాడ్‌నే వెతుక్కోండి.

ఎక్కడ కొన్నారో చూసుకోండి

స్టీమ్‌లో కొన్నవాళ్లకు ఏ చిక్కూ లేదు. గాగ్ (జీఓజీ) అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవాళ్లు వాళ్ల కోసం విడిగా ఇచ్చే ఫైలునే తీసుకోవాలి. స్టీమ్‌ది అక్కడ నడవదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ లేదా గేమ్ పాస్ ద్వారా ఆడేవాళ్లకు ఎస్‌కేఎస్‌ఈ లేదు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వాళ్లకూ లేదు.

దుకాణంలో పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్న కాపీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను అడిగేవాళ్లలో వాటితో వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటి కాపీలో గేమ్ ఫైలును ఎవరో ముందే మార్చి ఉంటారు. ఎక్స్‌టెండర్ దాన్ని గుర్తుపట్టక ఆగిపోతుంది. దాన్ని నడిపించాలని గంటలు గంటలు కూర్చోవడం కంటే, పండగ తగ్గింపుల దాకా ఆగి అసలుది కొనుక్కోవడం అన్నివిధాలా నయం.

ఇన్‌స్టాల్ చేయడం

గేమ్‌ను సి డ్రైవులోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంచకండి. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను మార్చడానికి విండోస్ అడుగడుగునా అనుమతి అడుగుతుంది, కొన్నిసార్లు చెప్పకుండానే అడ్డుకుంటుంది. డి డ్రైవులో 'గేమ్స్' అని ఒక ఫోల్డర్ చేసి స్టీమ్ లైబ్రరీని అక్కడికి మార్చుకోండి.

తర్వాత స్టీమ్‌లో గేమ్ పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అప్‌డేట్స్ దగ్గరికి వెళ్లండి. గేమ్‌ను తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ చేయమనే ఎంపిక ఉంటుంది. దాన్ని పెట్టండి. ఇక మీదట మీరు లోడర్ ద్వారానే తెరుస్తారు కాబట్టి, పొరపాటున స్టీమ్‌లో 'ప్లే' నొక్కితే తప్ప గేమ్ తనంతట తాను మారిపోయే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ పొరపాటు ఇంట్లో తమ్ముడో చెల్లెలో కూడా చేయవచ్చు. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. డిస్కులో చోటు ఉంటే గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకోచోట కాపీ చేసి ఉంచడం ఇంకా మంచిది.

ఇప్పుడు వెర్షన్ చూద్దాం. గేమ్ ఫోల్డర్‌లో 'స్కైరిమ్ఎస్ఈ' అనే ఫైలు ఉంటుంది. దాని మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ తెరవండి. 'ఫైల్ వెర్షన్' ఎదురుగా 1.6.1170.0 వంటి అంకె కనిపిస్తుంది. చివరి సున్నాను వదిలేసి మిగతాది కాగితం మీద రాసుకోండి. 1.6.640కి, 1.6.1130కి, 1.6.1170కి ఎక్స్‌టెండర్లు వేరువేరు. 'అన్నీ 1.6లే కదా' అనుకుంటే కుదరదు.

ఎస్‌కేఎస్‌ఈని దాని సొంత సైటు నుంచి గానీ, మాడ్‌లు దొరికే నెక్సస్ మాడ్స్ సైటులో దాని సొంత పేజీ నుంచి గానీ దించుకోండి. యూట్యూబ్ వీడియోల కింద ఇచ్చే డ్రైవ్ లింకులు వద్దు. ఫైలు 7-జిప్ రూపంలో వస్తుంది. విప్పితే ఒక ఫోల్డర్, అందులో లోడర్, పేరులోనే గేమ్ వెర్షన్ ఉన్న ఒక డీఎల్ఎల్, 'డేటా' అనే ఫోల్డర్ కనిపిస్తాయి. డీఎల్ఎల్ పేరు చివర ఉన్న అంకెలు మీ కాగితం మీది అంకెలతో కలవాలి. కలిశాయా? అయితే లోడర్‌నూ డీఎల్ఎల్‌నూ స్కైరిమ్ఎస్ఈ ఫైలు పక్కనే పెట్టండి. ఎస్‌కేఎస్‌ఈ డేటాలోని స్క్రిప్టులు గేమ్ డేటా ఫోల్డర్‌లోకి వెళ్లాలి. మాడ్‌లను సర్దిపెట్టే మాడ్ ఆర్గనైజర్ 2 ప్రోగ్రాము వాడేవాళ్లు ఆ స్క్రిప్టులను విడి మాడ్‌గా చేర్చుకుంటే గేమ్ ఫోల్డర్ శుభ్రంగా ఉంటుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. విప్పినప్పుడు వచ్చిన ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు గేమ్ ఫోల్డర్‌లో పడేస్తారు. ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్‌లో ఉండిపోయిన లోడర్‌కు గేమ్ కనిపించదు. లోడర్, స్కైరిమ్ఎస్ఈ ఒకే కిటికీలో పక్కపక్కన కనిపిస్తేనే సరిగ్గా పెట్టినట్టు.

వేరే మాడ్ ఏదీ చేర్చకముందే ఒకసారి లోడర్ ద్వారా గేమ్ తెరవండి. కీబోర్డులో ఎస్కేప్ కింద, ఒకటి అంకెకు ఎడమపక్కన ఉన్న మీట నొక్కితే ఆదేశాలు టైపు చేసే కన్సోల్ తెరుచుకుంటుంది. అందులో 'గెట్ఎస్‌కేఎస్ఈవెర్షన్' అన్న ఆదేశాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కండి. వెర్షన్ అంకె కనిపించిందంటే ఎక్స్‌టెండర్ పనిచేస్తున్నట్టే. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి. పునాది సరిగా లేకుండా దాని మీద మాడ్‌లు పేర్చితే, తర్వాత తప్పు ఎక్కడుందో వెతకడం నరకం.

ప్లగిన్లు చేర్చేటప్పుడు

అన్నిటికంటే ముందు అడ్రస్ లైబ్రరీ అనే మాడ్ వేయండి. ఇందాక చెప్పిన చిరునామాలు ఏ వెర్షన్‌లో ఎక్కడికి మారాయో చెప్పే పట్టిక అది. దాన్ని ఆధారం చేసుకుని రాసిన ప్లగిన్లు 1.6 వరుసలో చిన్న అప్‌డేట్లు వచ్చినా చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. 1.5 వరుసకు ఒకటి, 1.6 వరుసకు ఒకటి విడిగా ఉంటాయి, మీదేదో చూసి తీసుకోండి. ఆ తర్వాత మీ జాబితాలోని మాడ్‌లను ఒక్కొక్కటిగా వేసి, వేసిన ప్రతిసారీ గేమ్ తెరిచి చూడండి. ఇరవై మాడ్‌లు ఒకేసారి వేసి, గేమ్ తెరుచుకోకపోతే తల పట్టుకునే వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒక్కొక్కటిగా వేస్తే సాయంత్రం గడిచిపోతుంది. ఒకేసారి వేస్తే వారమే పోతుంది.

ఏదైనా ప్లగిన్ కుదరకపోతే గేమ్ మొదలయ్యే ముందు ఒక చిన్న కిటికీ వస్తుంది. ఆ కిటికీ దగ్గరే చాలామంది చేజేతులా నష్టపోతారు. మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడు ఒకసారి నన్ను పిలిచాడు. నేను వెళ్లి పక్కన కూర్చునేసరికి ఆ కిటికీ తెర మీదే ఉంది. అందులో ఒక ప్లగిన్ పేరు, దాని పక్కన అడ్రస్ లైబ్రరీని కొత్తది చేసుకోవాలన్న మాట, కింద 'ఇలాగే కొనసాగితే సేవ్ పాడుకావచ్చు, గేమ్ మూసేయాలా' అన్న అర్థం వచ్చే ప్రశ్న ఉన్నాయి. కుర్రాడు చదవకుండానే 'నో' మీదికి మౌస్ తీసుకెళ్లాడు. "రోజూ ఇదే వస్తుంది అన్నా, 'నో' కొడితే గేమ్ వచ్చేస్తుంది" అన్నాడు. గేమ్ వచ్చిన మాట నిజమే. కానీ ఆ ప్లగిన్ లేకుండా వచ్చింది. దాని మీద ఆధారపడిన మాడ్‌లు సగంసగం పనిచేస్తుండగానే సేవ్ చేస్తూ పోయాడు. అడ్రస్ లైబ్రరీ సరైనది వేయగానే కిటికీ రావడం ఆగింది. ఆ రోజుల్లో చేసిన సేవ్‌లను మాత్రం వదిలేసి, అంతకుముందు దాని నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నాను.

కాబట్టి ఆ కిటికీ వస్తే 'ఎస్' నొక్కి గేమ్ మూసేయండి. అలా మూసే ముందే ప్లగిన్ పేరు, కారణం ఫోనులో ఫొటో తీసుకోండి. వెర్షన్ కలవలేదంటే ఆ మాడ్‌కు కొత్త ఫైలు వచ్చిందేమో చూడండి. ప్లగిన్‌ను లోడ్ చేయలేకపోయానని చెబుతూ చివర 7ఈ ఉన్న కోడ్ చూపిస్తే, దానికి కావలసిన ఇంకో ఫైలు కంప్యూటర్‌లో లేదని అర్థం. చాలాసార్లు మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకుంటే సరిపోతుంది. ఇవేవీ కాకపోతే డాక్యుమెంట్స్‌లో 'మై గేమ్స్' ఫోల్డర్, అందులో గేమ్ పేరు, అందులో ఎస్‌కేఎస్‌ఈ ఫోల్డర్ తెరిచి లాగ్ ఫైలు చదవండి. ఏ ప్లగిన్ దగ్గర ఆగిందో వరుసగా రాసి ఉంటుంది.

భద్రత మాటేమిటి

ఇది అందరూ దాటేసే విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పాపిరస్ స్క్రిప్టుకు గేమ్ గడప దాటి బయటికి వచ్చే వీలు లేదు. ఎక్స్‌టెండర్‌తో వేసే ప్లగిన్ అలా కాదు. అది డీఎల్ఎల్. కంప్యూటర్‌లో మీరు చేయగలిగినవన్నీ అదీ చేయగలదు. మీ ఫైళ్లు తెరవగలదు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను చూడగలదు. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మాడ్‌ల విషయంలో ఇలాగే జరిగింది. ఫ్రాక్చరైజర్ అని పేరుపెట్టిన హానికర ప్రోగ్రామును కర్స్‌ఫోర్జ్ వంటి పేరున్న సైటులోని మాడ్‌లలోకే ఎక్కించారు. స్కైరిమ్ ప్లగిన్లలోనూ అలాంటిది ఎప్పటికీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన ఇళ్లలో చాలాచోట్ల ఒకటే కంప్యూటర్. పగలు నాన్న అందులోనే జీఎస్టీ లెక్కలు చూసుకుంటారు, అమ్మ బ్యాంకు పని చేసుకుంటుంది, రాత్రి మీరు గేమ్ ఆడతారు. అందుకని ఈ ఒక్కటీ తప్పకుండా చేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో గేమ్‌ల కోసం విడిగా ఒక యూజర్ ఖాతా తెరవండి. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా కాక స్టాండర్డ్‌గా ఉంచండి. ఇంట్లో వాళ్ల ఖాతాకూ పాస్‌వర్డ్ పెట్టించండి. స్టాండర్డ్ ఖాతాలో నడిచే ప్రోగ్రాముకు మరొకరి డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిచే అనుమతి ఉండదు. వాళ్ల లెక్కల ఫైళ్లు డి డ్రైవులో ఉంటే వాటినీ వాళ్ల డాక్యుమెంట్స్‌లోకే మార్పించండి, ఎందుకంటే విడి డ్రైవులో ఉన్నవాటికి ఆ రక్షణ ఉండకపోవచ్చు. గేమ్ ఖాతాలోని బ్రౌజర్‌లో బ్యాంకు లాగిన్లు చేయకండి.

ఎక్కువ మంది చాలాకాలంగా వాడుతున్న ప్లగిన్లనే తీసుకోండి. కొత్తగా వచ్చి, ఇంకా ఎవరి మాటా లేని డీఎల్ఎల్‌ను కొన్నాళ్లు ఆగి తీసుకోండి. అనుమానం ఉంటే ఫైళ్లలో వైరస్ ఉందేమో పరీక్షించే వైరస్‌టోటల్ సైటులో వేసి చూడండి. ఎక్స్‌టెండర్లు వేరే ప్రోగ్రాములోకి చొరబడే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి యాంటీవైరస్ ఒక్కోసారి అనవసరంగా కేకలు పెడుతుంది. అప్పుడు కూడా యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపకండి. అసలు చోటు నుంచే వచ్చిందని తేలితే ఆ ఒక్క ఫైలుకే మినహాయింపు ఇవ్వండి.

సేవ్‌లు, కరెంటు

సేవ్ చేసిన ప్రతిసారీ గేమ్ ఒక ఈఎస్ఎస్ ఫైలు రాస్తుంది. ఎస్‌కేఎస్‌ఈ నడుస్తున్నప్పుడు అదే పేరుతో ఎస్‌కేఎస్‌ఈ అనే ఇంకో ఫైలు కూడా దాని పక్కన చేరుతుంది. మాడ్‌లు దాచుకున్న వివరాలు అందులో ఉంటాయి. బ్యాకప్ తీసేటప్పుడు రెండూ కలిపి తీయాలి. ఒక్క ఈఎస్ఎస్‌నే కాపీ చేసుకుని, ఫార్మాట్ చేశాక దాన్ని తెచ్చిపెడితే పాత్ర వస్తుంది, మాడ్ వివరాలు రావు.

మే నెలలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సేవ్ రాస్తుండగా పోతే ఆ ఫైలు సగంలో తెగిపోతుంది. ఒకే సేవ్ మీద మళ్లీమళ్లీ రాయకుండా ప్రతిసారీ కొత్త సేవ్ చేయండి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు చిన్న యూపీఎస్ కొనుక్కుంటే గేమ్‌కే కాదు, హార్డ్ డిస్కుకూ మంచిది. స్క్రిప్టులున్న మాడ్‌ను కథ మధ్యలో తీసేయకండి. నచ్చకపోతే అది వేయకముందున్న సేవ్‌కు వెళ్లండి, లేదా కొత్త ఆట మొదలుపెట్టండి.

మిగతా గేమ్‌లు

బాల్డర్స్ గేట్ 3కి ఉన్న ఎక్స్‌టెండర్ లువా భాషతో పనిచేస్తుంది. గేమ్ తెరిచినప్పుడు నెట్ నుంచి తనను తాను కొత్తది చేసుకుంటుంది కాబట్టి వెర్షన్ గొడవ తక్కువ. పైగా 2024 సెప్టెంబరులో వచ్చిన ఏడో ప్యాచ్‌తో గేమ్ లోపలే మాడ్ మేనేజర్ పెట్టారు. అందులో దొరికే మాడ్‌లకు ఎక్స్‌టెండర్ అక్కర్లేదు. ముందు అక్కడ వెతకండి.

జీటీఏ 5కు స్క్రిప్ట్ హుక్ వి ఉంది. అది కథ ఆడేటప్పటికే. ఆన్‌లైన్‌లోకి వెళ్తే గేమ్‌ను మూసేసేలా దాని రచయితే కట్టడి పెట్టాడు. ఇతరులతో కలిసి ఆడే ఏ గేమ్‌లోనూ మెమరీలోకి చొరబడే పరికరాలు వాడకండి. మీ ఉద్దేశం మంచిదే అయినా మోసాన్ని పట్టే ప్రోగ్రాముకు ఆ తేడా తెలియదు, ఖాతా పోతుంది.

కొత్త వెర్షన్ వచ్చిన రోజు

2024 ఏప్రిల్ 25న ఫాల్అవుట్ 4కు పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆ గేమ్ మీద అభిమానులు కట్టిన ఫాల్అవుట్ లండన్ అనే భారీ మాడ్ సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 23న రావాల్సింది. అప్‌డేట్‌తో ఎఫ్4ఎస్‌ఈ ఆగిపోతుందని తెలిసి విడుదలను వాయిదా వేసుకున్నారు. చివరికి జులై 25న విడుదల చేశారు, అది కూడా గేమ్‌ను పాత 1.10.163 వెర్షన్‌కు వెనక్కి తీసుకెళ్లి ఆడాలనే షరతుతో. అంతటి బృందానికే తప్పనప్పుడు మనకూ ఓపిక అవసరం.

అప్‌డేట్ వార్త వినగానే స్టీమ్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టండి. ఎప్పటిలాగే లోడర్‌తో ఆడుతూ ఉండండి. ఎస్‌కేఎస్‌ఈ కొత్త ఫైలు, అడ్రస్ లైబ్రరీ కొత్త పట్టిక, ఆపై మీ కాగితం మీద ఉన్న ప్లగిన్లు ఒక్కొక్కటీ కొత్త వెర్షన్‌కు వచ్చాయో లేదో టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. అన్నిటికీ టిక్కు పడ్డాకే అప్‌డేట్ చేయండి. మీరు ఆపకముందే గేమ్ మారిపోతే, ముందు కాపీ చేసి ఉంచిన ఫోల్డర్‌ను తెచ్చి దాని చోట పెట్టి, స్కైరిమ్ఎస్ఈ ఫైలు వెర్షన్‌ను మళ్లీ ఒకసారి చూడండి. కాపీ లేకపోతే ఎక్స్‌టెండర్ కొత్తది వచ్చేదాకా ఆ సేవ్‌ను తెరవకండి. లోడర్ లేకుండా తెరిచి, దాని మీద కొత్త సేవ్ చేస్తే మాడ్‌లు దాచుకున్న వివరాలు ఆ కొత్త సేవ్‌లో ఉండవు.